దొంగ స్టేషన్

ఆ సాయంత్రం పటం మీది బొమ్మ మలుపు దగ్గర వెనక్కి తిరగలేదు.

రోజూ తిరుగుతుంది. మామగారు ఐజాక్ టీ తాగి, సంచి భుజాన తగిలించుకుని, వాకీటాకీ చేతబట్టుకుని, ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ సందు చివరిదాకా నడుస్తాడు. మలుపులో మందుల షాపు బోర్డు మొత్తం చదువుతాడు, ఏదో తప్పు దొరికినట్టు తలాడిస్తాడు, వెనక్కి వస్తాడు. వంటింట్లో ప్రేమమణి ఫోన్లో ఊరి పటం తెరిచి పోపుల డబ్బాకు ఆనించి పెట్టుకుంటుంది. పటం మీద నడిచే మనిషి బొమ్మ, దాని పక్కన ఆయన కాల్ సైన్, అంటే రేడియోలో ఆయన పేరు. ఒక కన్ను కూర మీద, ఒక కన్ను మామగారి మీద. రెండూ మాడకుండా చూసుకోవడమే ఆ ఇంటి కోడలి ఉద్యోగం.

ఆ ఏర్పాటు ఆమె భర్త లూకాది. లూకా కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తండ్రీ కొడుకులిద్దరూ హామ్‌లు, అంటే పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియో సెట్లలో ఊరూ పేరూ తెలియని వాళ్ళతో వాతావరణం గురించి మాట్లాడుకునే రకం. పక్కనున్న పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో రిటైరయ్యే దాకా పనిచేసిన ఐజాక్‌కు ఈమధ్య మతిమరుపు ముదిరింది. ఒక్కోరోజు కొడుకును తమ్ముడనుకుంటాడు, కోడల్ని నర్సనుకుంటాడు. ఫోన్ ఇస్తే ఫ్రిజ్‌లో పెడతాడు. వాకీటాకీ మాత్రం నిద్రలో కూడా దిండు పక్కనే ఉండాలి.

అందుకని లూకా సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తయారుచేసి, ఆయనకు చెప్పకుండా ఆయన సంచి అడుగున కుట్టించాడు. ఆ డబ్బా ఉపగ్రహాలను అడిగి తానెక్కడుందో తెలుసుకుంటుంది. తెలుసుకున్న సంగతి కొద్ది నిమిషాలకోసారి, ఆయన కాల్ సైన్‌తోనే, రేడియోలో ఒక్క గురక పెట్టి చెబుతుంది. దగ్గర్లో ఏ హామ్ ఇంటి యాంటెన్నా ఆ గురక విన్నా ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. ఇక లోకంలో ఎవరైనా పటం తెరిచి ఐజాక్ ఎక్కడున్నాడో చూసుకోవచ్చు. లోకానికి అంత తీరిక లేదు కాబట్టి ప్రేమమణి చూస్తుంది.

ఆ రోజు బొమ్మ మలుపు దాటింది. మెయిన్ రోడ్డు ఎక్కింది. ఆమె గ్యాస్ కట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివరికి పరిగెత్తేసరికి అక్కడ మందుల షాపు బోర్డు తప్ప ఎవరూ లేరు. చేతిలో ఫోన్ చూసుకుంది. బొమ్మ ఒక్క గెంతులో సైనిక్‌పురి దగ్గరికి పోయింది. అది మనిషి నడక కాదు. ఏ షేర్ ఆటోనో ఎక్కాడు.

లూకాకు ఫోన్ చేసింది. స్విచాఫ్. బొల్లారంలో పరీక్షల డ్యూటీ, ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. ప్రతి ఆదివారం తమను చర్చికి తీసుకెళ్ళే ఆటో పర్వతాలుకు చేసింది. అతను మాట పూర్తిగా వినకుండానే ఆటో స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది.

"ఏడున్నడో చెప్పుండ్రి చాలు, పట్టుకొస్త. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఆమె ఇంటికి పరిగెత్తుకొచ్చి ఫోన్ ముందు కూర్చుంది. బొమ్మ తిరుమలగిరి వైపు సాగి సాగి, రైలు పట్టాలకు కాస్త ఇవతల ఆగింది. ఆగిన చోటే చెప్పింది పర్వతాలుకు. ఆ తర్వాత అది కదలలేదు. ఆమె వేలితో పటాన్ని జరిపింది, దగ్గరికి లాగింది, మూసి మళ్ళీ తెరిచింది. కదలలేదు.

బొమ్మ కదలకపోతే ఏమిటో లూకా ఒకసారి వివరంగా చెప్పాడు, పాఠం చెప్పినట్టు. మనిషి ఆగి ఉండొచ్చు. లేదా డబ్బా గురక ఏ యాంటెన్నాకూ వినపడక, చివరిసారి విన్న చోటే బొమ్మ నిలిచిపోయి ఉండొచ్చు. మనిషి నడుస్తూనే ఉంటాడు, బొమ్మ నిలబడే ఉంటుంది. అప్పుడు ఆమె ఊఁ కొట్టి వింది. బీయస్సీలో కూడా ఇలాగే చాలా విషయాలకు ఊఁ కొట్టింది. ఇప్పుడు ఆ బొమ్మకూ పట్టాలకూ మధ్య దూరం వేలు పెట్టి కొలిచింది. వేలెడే ఉంది. బయట మబ్బు పట్టింది.

ఫోన్ మోగింది.

"అమ్మా, గీడ పెద్దసారు లేడు. డబ్బా ఒక్కటే ఉన్నది."

"డబ్బా ఏంటి పర్వతాలూ? సరిగ్గా చూశావా?"

"సూసిన్నమ్మా. చాయ్ బండాయన చేతిల ఉన్నది. పెద్దసారు గీడనే చాయ్ తాగిండంట, బిస్కెట్లు సుత తిన్నడంట. గంతల ఆయన సెట్టు గుర్రుమన్నదంట. సంచి కుట్లు పీకి డబ్బా తీసిండు. దాని మీద ఏందో పేరు సదివి మస్తు కోపానికొచ్చిండంట. బ్యాటరీ గుంజేసి, 'ఇది దొంగ సెట్టు, నా పేరు మీద కూస్తున్నది, పోలీసోళ్ళకియ్యి' అని చాయ్ బండాయనకిచ్చి పోయిండు."

"ఎటు పోయాడు?"

"గదే ఎవ్వరు సూడలేదంటున్నరు. నేను పట్టాల దిక్కు ఎతుకుత."

ప్రేమమణికి అంతా అర్థమైంది. డబ్బా మీద లూకా ముచ్చటపడి తండ్రి కాల్ సైన్ అంటించాడు. ఒకరి కాల్ సైన్ వాళ్ళకు తెలియకుండా ఇంకొకరు వాడటం హామ్‌ల లోకంలో దొంగతనం కన్నా పెద్ద నేరం. మతిమరుపు ఐజాక్ బుర్రలో భార్య చావును తుడిచేసింది, కొడుకు మొహాన్ని తుడిచేసింది, ఆ నిబంధన జోలికి మాత్రం పోలేదు. లూకా అన్నీ లెక్క వేశాడు. తండ్రి నిజాయితీ ఒక్కటే మర్చిపోయాడు.

ఇప్పుడు ఆయన లోకంలో ఏ పటం మీదా లేడు.

లోపలి గదిలో బల్ల మీద లూకా పెద్ద సెట్టు ఉంది, ఎప్పుడూ తండ్రి వాకీటాకీ ఫ్రీక్వెన్సీ మీదే. దాని యాంటెన్నా డాబా మీద. ప్రేమమణి ఆ సెట్టును పెళ్ళయినప్పటి నుంచీ తుడుస్తోంది. మైకు బటన్ మాత్రం నొక్కలేదు. లైసెన్సు లేని మనిషి నొక్కితే లూకా లైసెన్సు పోతుంది. ఆ ఇంట్లో లైసెన్సు లేకుండా కూత పెట్టే హక్కు కుక్కర్‌కు ఒక్కదానికే ఉంది.

ఆమె మైకు అందుకుని బటన్ నొక్కింది.

"మామయ్యగారూ! మామయ్యగారూ, వినిపిస్తోందా?"

బటన్ వదిలింది. సెట్టు బుస్సుమంటోంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ బుస్సు. అప్పుడు తోచింది, రేడియో గాలిలో ఆయన ఎవరికీ మామయ్య కాదని. ఊపిరి పీల్చుకుని, ఆయన కాల్ సైన్‌ను ఒక్కో అక్షరం విడగొట్టి, రోజూ ఆయన పలికే తీరులోనే పిలిచింది.

బుస్సు తెగింది.

"నన్ను పిలిచిన స్టేషన్, మీ కాల్ సైన్ చెప్పండి. ఓవర్."

ప్రేమమణి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గొంతు ఇంట్లో మంచినీళ్ళు అడగడానికి మాట వెతుక్కునే గొంతు కాదు. నిటారుగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది.

"నేను ప్రేమమణిని మామయ్యగారూ. మీ కోడల్ని. ఎక్కడున్నారు? అక్కడే ఉండండి, పర్వతాలు వస్తాడు..."

"ఇది హామ్ బ్యాండు. కాల్ సైన్ లేకుండా మాట్లాడకూడదు. ఫ్రీక్వెన్సీ ఖాళీ చెయ్యండి. ఓవర్."

ఆమె కళ్ళు తుడుచుకుని లూకా కాల్ సైన్ చెప్పింది. అబద్ధం, అందులోనూ గాలిలో.



"అది మా వాడిది. వాడి గొంతు నాకు తెలీదా? ఇందాక ఎవడో నా కాల్ సైన్ వాడాడు, ఇప్పుడు మా వాడిది నువ్వు వాడుతున్నావు. ముఠాయా మీది? ఓవర్."

ఆయన మాట వెనక రైలు కూత వినిపించింది. సన్నగా మొదలై, పెద్దదవుతూ.

"మామయ్యగారూ, పట్టాల దగ్గర ఉన్నారా? ఎక్కడున్నారో చెప్పండి!"

"దొంగలకి నా పొజిషన్ చెప్పడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా? స్టాండ్ బై."

గాలి ఖాళీ అయిపోయింది. ఆమె బటన్ నొక్కలేదు. నొక్కితే ఆయన ఏ అడుగు వేయబోయి ఏ అడుగు వేస్తాడో. స్టాండ్ బై అంటే ఉన్నచోటే ఉండి కనిపెట్టుకోమని. ఆయన అన్నాడు కాబట్టి ఆయనా ఉంటాడని నమ్మడం తప్ప చేయగలిగింది లేదు. పెదవులు వాటంతటవే ప్రార్థన మొదలుపెట్టాయి. రెండు మాటల దగ్గర ఆగి అవే మళ్ళీ మళ్ళీ అంటున్నాయి.

"రైలు పోయింది," అన్నాడు ఐజాక్. "ఊఁ, చెప్పు, మాట్లాడు. నువ్వు మాట్లాడుతూనే ఉండు. నీ కొంప ఎక్కడుందో పట్టేస్తా. ఓవర్."

ఆమె వేలు బటన్ మీద ఆగింది.

పట్టగలడు. వయసులో ఉన్నప్పుడు ఆయనకు అదే పేరు. ఆదివారాలు చర్చి అయ్యాక ఊళ్ళో హామ్‌లంతా ఆట ఆడేవాళ్ళు. ఒకడు చిన్న సెట్టుతో ఏ బొల్లారం పొదల్లోనో దాక్కుని మాట్లాడుతూ ఉండాలి, మిగతావాళ్ళు సిగ్నల్ పట్టుకుని వెతకాలి. ఐజాక్ అందరికన్నా ముందు చేరేవాడట. సెట్టును గుండెకు ఆనించుకుని నిలబడ్డచోటే మెల్లగా చుట్టూ తిరగడం, ఎటు తిరిగినప్పుడు మాట సన్నగిల్లుతుందో చూడటం. అప్పుడు దాక్కున్నవాడు వీపు వెనక ఉన్నట్టు. ఒళ్ళే అడ్డుగోడ.

ఇల్లు ఎక్కడో ఆయనకు తెలియదు. దొంగ ఎక్కడో మాత్రం కనిపెట్టగలడు. ఆ దొంగ ఇప్పుడు ఆయన ఇంట్లోనే కూర్చుని ఉంది.

ప్రేమమణి కొంగు నడుముకు దోపి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏమండీ పెద్దమనిషీ, నన్ను పట్టుకునే మొగాడు సికింద్రాబాదులో ఇంకా పుట్టలేదు. ఓవర్."

జీవితంలో మామగారి ఎదుట గొంతు పెంచని మనిషి అన్న మాట అది. అని నాలుక కరుచుకుంది.

"ఓహో," అన్నాడు ఐజాక్. ఆ గొంతులో సంతోషం.

ఇక ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. చర్చిలో ప్రకటనలు ఒప్పజెప్పింది. గోంగూర పచ్చడి చేసే విధానం చెప్పింది. అది అయిపోతే, ఆ ఇంట్లో యాంటెన్నాలకున్న మర్యాద మనుషులకు లేదని, పెళ్ళిరోజున కూడా ఎవరో సైబీరియావాడు దొరికాడని భర్త బల్ల దగ్గరే కూర్చుండిపోయాడని, ఏళ్ళుగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటీ గాలికి ఎక్కించింది. మధ్యమధ్య బటన్ వదిలి వినేది. ఆయన రొప్పు వినపడేది, హారన్లు వినపడేవి.

"నీ మాటలు వింటుంటే నీ మొగుడు బతికున్నాడా అని అనుమానం వస్తోంది. ఓవర్."

"మీ కోడలు మంచిదా? ఓవర్."

"మా కోడలి సంగతి నీకెందుకు? ఆవిడ నీలాగా చట్టం మీరే మనిషి కాదు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ కానిచ్చే తీరిక లేదు. ఎందుకంటే కొత్త భయమొకటి పట్టుకుంది. సిగ్నల్ గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. దానికి రోడ్డు తెలీదు, మురుగు నాలా తెలీదు, లారీ తెలీదు. ఆ గీత పట్టుకుని ఆయన తిన్నగా నడిచొస్తాడు. పట్టాల నుంచి దూరంగా లాగుతున్నాననుకుంటూ దేనిలోకి లాగుతోందో ఆమెకే తెలీదు. పర్వతాలుకు ఫోన్ చేసి, పట్టాలు వదిలేసి సైనిక్‌పురి సందులన్నీ చూడమంది.

"సందులా అమ్మా? గీడ సందులు తప్ప ఇంకేం లేవు," అన్నాడతను, ఏడుపు గొంతుతో.

చినుకులు మొదలయ్యాయి. సెట్టు పెనంలా కాలుతోంది. ఎంతసేపు మాట్లాడిందో గొంతు బొంగురుపోయింది. ఒకసారి బటన్ వదిలేసరికి అటునుంచి జవాబు లేదు.

"వినిపిస్తోందా? ఓవర్."

బుస్సు.

"ఏమండీ పెద్దమనిషీ, అలిసిపోయారా? ఓవర్."

బుస్సు. కాల్ సైన్ పిలిచింది. దానికి కూడా పలకలేదు. అంతవరకూ దేనికి పలకకపోయినా కాల్ సైన్‌కు పలికాడు. ప్రేమమణికి కళ్ళముందు నాలా కనిపించింది, వాననీళ్ళు తోసుకుపోయే నాలా, అందులో తేలుతున్న సంచి. లేచి నిలబడింది. మైకు తీగ సాగినంత దూరం కిటికీ దగ్గరికి వెళ్ళింది. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోంచి మెయిన్ రోడ్డు కాస్త, దాని నడుమ డివైడర్ కనిపిస్తాయి.

ఎవరూ లేరు. బస్సులు. స్కూటర్లు. గొడుగు ఒకటి.

ఊరుకోలేక మాట్లాడుతూనే ఉంది, ఏం మాట్లాడుతోందో తెలియకుండా. పచ్చడిలో ఉప్పు ఎప్పుడు వేయాలో చెబుతుండగా రోడ్డుకు అవతలి అంచున తెల్లచొక్కా కనిపించింది.

ఐజాక్. తడిసి ముద్దయి ఉన్నాడు. సెట్టు గుండెకు ఆనించుకుని ఉన్నాడు, దాని యాంటెన్నా ఊడదీసి చొక్కా జేబులో పెట్టాడు. యాంటెన్నా లేకుండా కూడా వినపడుతోందంటే దొంగ పక్కనే ఉన్నట్టని ఆయన లెక్క. యాంటెన్నా లేని సెట్టు దగ్గరి మాట వింటుంది కానీ తిరిగి పలకలేదు, అందుకే జవాబు లేదు. బతికున్నాడన్న మాట ఆమె మనసులో పూర్తి కాకముందే ఆయన రోడ్డు మీద అడుగుపెట్టాడు.

"ఆగండి!" అంది మైకులో.

అది తప్పయింది. మాట వినగానే ఆయన నడిరోడ్డు మీద నిలబడి, కళ్ళు మూసుకుని, మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. ఎటునుంచి వస్తోందో చూడాలి కదా. బైకు ఒకటి గీరుకుంటూ పోయింది. బస్సు హారన్ కొడుతూనే ఉంది.

ఆమె బటన్ వదిలేసింది. మాట ఆగింది. ఆయన కళ్ళు తెరిచి నడిచాడు. డివైడర్ ఎక్కాడు. అక్కడ మళ్ళీ ఆగి, సెట్టు చెవి దగ్గర ఆడించాడు. సిగ్నల్ పోయింది. ముందుకు చూశాడు. వెనక్కి చూశాడు. వెనక్కి ఒక కాలు దించాడు.

మాట్లాడితే నడిరోడ్డులో తిరుగుతాడు. మానేస్తే వెనక్కి పోతాడు. కిందికి పరిగెత్తితే ఆ కాసేపట్లో ఏమవుతుందో చూడటానికి కిటికీ దగ్గర ఎవరూ ఉండరు.

"స్టాండ్ బై," అంది ప్రేమమణి. గొంతు తనది కానట్టుంది. "స్టాండ్ బై. స్టాండ్ బై."

డివైడర్ మీద ఐజాక్ కాలు వెనక్కి తీసుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు.

మైకు ఎక్కడ పడిందో ఆమె చూడలేదు. మెట్లు ఎలా దిగిందో, సందు ఎలా దాటిందో తెలీదు. రోడ్డు అంచుకు వచ్చేసరికి ఆయన అలాగే ఉన్నాడు, రెండువైపులా బండ్లు నీళ్ళు చిమ్ముకుంటూ పోతుంటే. చెయ్యి అడ్డంపెట్టి, తిట్లు తింటూ డివైడర్ చేరి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"పదండి మామయ్యగారూ, ఇంటికి పోదాం."

ఆయన మర్యాదగా చెయ్యి విడిపించుకున్నాడు. "ఎవరమ్మా నువ్వు? నేను స్టాండ్ బైలో ఉన్నా. ఆ స్టేషన్ మళ్ళీ వచ్చేదాకా కదలకూడదు."

"ఆ స్టేషన్ ఇంక రాదండీ."

"వస్తుంది. వదరుబోతు స్టేషన్ అది. ఊరుకోదు."

లాగింది. ఆయన బిగుసుకున్నాడు. డివైడర్ మీద ఆయన చెప్పు జారింది. బస్సు ఒకటి ఆయన చొక్కా చేతిని తాకేంత దగ్గరగా పోయింది, ఆ గాలికి ఇద్దరూ ఊగారు. లాగితే పడతాడు. వదిలితే ఇక్కడే ఉంటాడు, చీకటిపడేదాకా.

"ఆ దొంగ స్టేషన్ నేనేనండీ," అంది.

ఐజాక్ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. కోడలని కాదు, నర్సని కూడా కాదు.

"కాల్ సైన్?"

"లేదు."

"లైసెన్సు?"

"లేదు."

"గోంగూర నువ్వేనా?"

"నేనే."

ఆయన సెట్టు జేబులో పెట్టి, ఆమె మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు. అంత బలం ఆ చేతిలో ఉందని ఆమెకు తెలీదు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఖాళీ చేయి ఎత్తి వస్తున్న లారీని ఆపాడు. అది ఆగింది కూడా. ముద్దాయిని జాగ్రత్తగా అప్పగించాల్సిన బాధ్యత ఉన్న మనిషిలా, అడుగులో అడుగు వేయిస్తూ ఆమెను రోడ్డు దాటించాడు.

"నీ సెట్టు ఎక్కడ?"

ఆమె చూపించింది. మందుల షాపు దాటారు. ఈసారి బోర్డు చదవలేదు. పైకెక్కారు. లోపలి గదిలో మైకు తీగకు వేలాడుతోంది. ఐజాక్ సెట్టు ఆపేసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు. మణికట్టు వదల్లేదు. వేళ్ళ కింద చర్మం ఎర్రబడింది.

అంతలో ఏదో తట్టినట్టు లేచి, ఆమెను కూడా లేపి, వీధి తలుపు దగ్గరికి లాక్కుపోయాడు. రోజూ నడకకు పోతూ తీసే గడియను తన చేత్తో పైదాకా తోసి బిగించాడు.

"పారిపోతావు," అన్నాడు.

గడియ చప్పుడు వినగానే ప్రేమమణికి అప్పటిదాకా రాని వణుకు మొదలైంది. ఆపుకోవాలన్నా ఆగలేదు. ఐజాక్ చూశాడు. పట్టు సడలించకుండానే గొంతు తగ్గించాడు.

"భయపడకమ్మా. మొదటి తప్పు కదా, మందలించి వదిలేస్తారు."

"వదిలెయ్యొద్దని చెప్పండి," అంది ప్రేమమణి, తన మణికట్టు పట్టుకున్న ఆయన చేతి మీద రెండో చెయ్యి వేసి.